బడి ఎవరికి లెక్క చెప్పాలి?

ఈసారి శీర్షికకు అందిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బడి బాగా నడుస్తోందో లేదో దేనిని చూసి తేల్చాలి, బాగా లేదని తేలితే ఎవరిని అడగాలి అన్నదే ఆ విషయం. ఒకే తీరుగా ఉన్న ఉత్తరాలను కలిపి, కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 5వ తరగతి చదువుతున్నాడు. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు ‘ఏ’ గ్రేడు వచ్చింది. ఇంట్లో కూర్చోబెట్టి రెండంకెల తీసివేత ఇస్తే తప్పు చేస్తున్నాడు. టీచరు గారిని అడగాలంటే మొహమాటంగా ఉంది. అడిగితే పిల్లవాడి మీద కోపం పెట్టుకుంటారేమోనని భయం కూడా ఉంది. అడిగే హక్కు మాకు ఉందా?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: ఉందమ్మా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచరు చేయవలసిన పనులు వరుసగా రాసి ఉన్నాయి. వేళకు బడికి రావడం, పాఠ్యాంశాలను గడువులోగా పూర్తి చేయడం, ఒక్కొక్క పిల్లవాడు ఎంతవరకు నేర్చుకోగలుగుతున్నాడో అంచనా వేసి అవసరమైన వారికి అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరునూ పురోగతినీ వివరించడం అందులో ఉన్నాయి. కాబట్టి మీరు వెళ్లి అడిగితే అది టీచరు గారి పనిలో తలదూర్చడం కాదు, వారి విధుల్లో ఉన్న ఒక పనిని జరిపించుకోవడం.

గ్రేడు ఒకటి చెబుతుంటే పలక మరొకటి ఎందుకు చెబుతుందో నేను చూసిన ఒక సంగతితో వివరిస్తాను. కొన్నేళ్ల క్రితం ఒక ప్రాథమిక పాఠశాలలో 5వ తరగతి అమ్మాయి పక్కన కూర్చుని, 52లో నుంచి 18 తీసివేయమన్నాను. ఏమాత్రం తడుముకోకుండా 46 అని రాసింది. ఎలా చేశావని అడిగితే, 8లో నుంచి 2 తీస్తే 6, 5లో నుంచి 1 తీస్తే 4 అని ధైర్యంగా చెప్పింది. పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేయాలన్నది 2వ తరగతిలో ఆ పిల్ల తనకు తాను కట్టుకున్న నియమం, మూడేళ్లుగా అదే నియమంతో లెక్కలు చేస్తోంది. చీపురు పుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఆమె ముందు పెట్టి, ఇందులో నుంచి 18 పుల్లలు నాకు ఇవ్వమన్నాను. కాసేపు ఆలోచించి, ఒక కట్ట విప్పి, 18 లెక్కపెట్టి ఇచ్చి, మిగిలినవి 34 అని తానే చెప్పింది. తర్వాత కాగితం మీది 46ను చూసి, నేను అడగకముందే కొట్టేసింది. దానికి పట్టిన సమయం పావుగంట కూడా కాదు. మార్కుల రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఎదుట ‘బీ ప్లస్’ ఉంది. ఆ గ్రేడు అబద్ధమని నేను అనను. పరీక్షలో వచ్చిన ప్రశ్నలలో చాలావాటిని ఆమె గట్టెక్కింది. ఎక్కడ ఆగిపోయిందో మాత్రం ఆ అక్షరం చెప్పలేదు.

అందువల్ల మీరు బడికి వెళ్లినప్పుడు గ్రేడు గురించి అడగకండి. ‘పక్క స్థానం నుంచి పది అప్పు తెచ్చుకునే తీసివేత మా వాడికి వచ్చా? 2వ తరగతి తెలుగు వాచకం ఆగకుండా చదువుతున్నాడా? రాకపోతే ఏ రోజుల్లో, ఏ పీరియడులో చెబుతారు?’ అని అడగండి. ఇలా అడిగితే ఏ టీచరూ నిందగా తీసుకోరు, ఎందుకంటే ఇది వారి వృత్తికి సంబంధించిన ప్రశ్న. మీ ఇంటి సమస్య ఒక్క మీ ఇంటిదే కాదని కూడా తెలుసుకోండి. పిల్లల చదవడాన్నీ లెక్కలనూ గ్రామీణ ప్రాంతాల్లో పరీక్షించి చూసే ‘అసర్’ సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 5వ తరగతి చదివే వారిలో 2వ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతం మాత్రమే.

టీచరు గారితో, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయులతో మాట్లాడినా ఫలితం లేకపోతే, చట్టంలోని 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు (పంచాయతీ, మున్సిపాలిటీ వంటివి) రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. దానిపై 3 నెలల్లోగా నిర్ణయం తీసుకోవాలి. నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే నూటికి తొంభై సందర్భాల్లో అంతవరకు వెళ్లే అవసరం రాదని నా అనుభవం.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. పదో తరగతి ఉత్తీర్ణత తగ్గిందని మాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. మా పిల్లలలో చాలామంది 6వ తరగతిలో చేరేనాటికే చదవడం సరిగా రానివారు. పైగా రెండేళ్లుగా గణితం పోస్టు ఖాళీగా ఉంది. ఒక్క శాతాన్ని చూసి బడిని తూచడం న్యాయమేనా?
– ప్రకాశం జిల్లా

జవాబు: న్యాయం కాదు మాస్టారూ. ఆ శాతానికి అసలు విలువే లేదని మాత్రం నేను అనను. పది పాసైన కాగితం లేకపోతే ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, ఐటీఐలోని చాలా కోర్సుల తలుపులు తెరుచుకోవు గనుక పిల్లకు అది ప్రాణావసరం. ఆ అంకె పిల్లకు ఎంత ముఖ్యమో బడిని తూచడానికి అంత నమ్మదగినది కాదన్నదే నా వాదన.

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలనే వరుసగా చూడండి. 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. కోవిడ్ కాలంలో పరీక్షలు లేక అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. ఈ ఆరేళ్లలో బడులు అవే, ఉపాధ్యాయులు చాలావరకు వారే. రాష్ట్రంలోని బోధన మూడేళ్లలో 27కు పైగా పాయింట్లు పడిపోయి, మరో రెండేళ్లలో 19 పాయింట్లు పైకి లేచిందని ఎవరైనా నమ్మగలరా? మధ్యలో రెండేళ్లు బడులు సరిగా నడవలేదు, అంతర్గత మార్కుల పద్ధతి మారింది, ప్రశ్నపత్రాల తీరు మారింది. ఈ మార్పులన్నీ కలిసి ఆ అంకెలో ఉన్నాయి. రాష్ట్రస్థాయిలోనే ఇంతగా ఊగే అంకెను ముప్పై మంది పిల్లలున్న ఒక్క బడికి అన్వయించి, ముగ్గురు తప్పితే పది శాతం తగ్గిందని నోటీసు ఇవ్వడం కొలత తెలిసిన వారు చేసే పని కాదు.

ఇంతకంటె నన్ను బాధించేది ఆ ఒత్తిడి బడి లోపల చేసే పని. ఒకసారి ఒక ఉన్నత పాఠశాల స్టాఫ్ రూములో గోడకు అంటించిన పట్టిక చూశాను. ప్రీఫైనల్ మార్కులను బట్టి పదో తరగతి పిల్లలను మూడు భాగాలు చేశారు. 35 మార్కులకు కాస్త అటూ ఇటూగా ఉన్న 11 మంది పేర్ల చుట్టూ ఎర్ర సిరాతో గీతలు ఉన్నాయి. సాయంత్రం ప్రత్యేక తరగతులు వారికే. 9 మార్కులు, 12 మార్కులు వచ్చిన పిల్లల పేర్లు అడుగున ఉన్నాయి, వాటి పక్కన ఏ గుర్తూ లేదు. ఆ బడిలోని వారు చెడ్డవారు కారు. వంద రోజుల్లో ఎవరిని గట్టు ఎక్కించగలమో లెక్క వేసుకున్నారు, ఎందుకంటే పైనుంచి వారిని అడిగేది ఆ ఒక్క లెక్కే. 12 నుంచి 28కి వచ్చిన పిల్లవాడి కష్టం గానీ, అతనికి చెప్పిన టీచరు కష్టం గానీ ఆ శాతంలో ఎక్కడా కనిపించదు.

ఒత్తిడి ఇంకా పెరిగితే ఏమవుతుందో అమెరికాలోని అట్లాంటా నగరం చూసింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లల జవాబు పత్రాలను దిద్ది మార్కులు పెంచారని 2011లో జార్జియా రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. పరిశీలించిన 56 బడులలో 44 చోట్ల అది జరిగింది, 178 మంది విద్యాసిబ్బంది పేర్లు అందులోకి వచ్చాయి. 2015లో 11 మందికి న్యాయస్థానంలో శిక్ష ఖరారైంది. తప్పు జవాబును చెరిపి ఒప్పు జవాబు గుర్తించిన ప్రతి కాగితం వెనుక, అదనపు బోధన అందవలసి ఉండీ అందని ఒక పిల్లవాడు ఉన్నాడు.

మీ సంజాయిషీలో మీరు రెండు సంగతులు రాయాలని నా సూచన. 6వ తరగతిలో చేరిన రోజున ప్రతి విద్యార్థి బేస్‌లైన్ పరీక్షలో ఎక్కడ ఉన్నాడు, 10వ తరగతి నాటికి ఎక్కడికి వచ్చాడు అన్న వివరాన్ని పట్టికగా జతచేయండి. గణితం పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీగా ఉంది, దాని కోసం మీరు ఏయే తేదీల్లో పైఅధికారులకు రాశారు అన్నది కూడా జతచేయండి. లెక్క చెప్పే బాధ్యత పై నుంచి కిందికి ఎంత ఉందో, కింది నుంచి పైకీ అంతే ఉంది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండి తీరాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. ఏకోపాధ్యాయ పాఠశాలలను ఏళ్ల తరబడి నడిపిస్తూ, అక్కడి నుంచి వచ్చిన పిల్లల మార్కులకు ఉన్నత పాఠశాలను మాత్రమే జవాబు అడగడం సబబు కాదు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడ ప్రతి బడికీ రాష్ట్రం ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు ఒక అక్షరం ఇస్తుంది. మన తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు ముందుగా ఆ అక్షరమే చూస్తారు. మన రాష్ట్రాల్లో కూడా ఇటువంటిది ఉంటే బాగుంటుంది కదా?
– టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ పద్ధతిలో మనం నేర్చుకోదగినది అక్షరం కాదు, ఆ అక్షరాన్ని లెక్కగట్టే తీరు. 2017లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం బడిని మూడు వైపుల నుంచి చూస్తారు. పిల్లలు ఎంత సాధించారు, ముందుటి ఏడాదితో పోలిస్తే ఎంత ముందుకు వచ్చారు, పేద పిల్లలకూ ఇంగ్లీషు మాతృభాష కాని వారికీ మిగతావారికీ ఉన్న అంతరం ఎంత తగ్గింది అన్నవి ఆ మూడు. మొదటి రెండింటిలో ఏది మెరుగ్గా ఉంటే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం విలువ ఇస్తారు. పేదల వాడలో ఉన్న బడి కూడా, పిల్లలను బాగా ముందుకు తెస్తే, మంచి అక్షరం పొందడానికి ఇందులో దారి ఉంది. ప్రకాశం జిల్లా మాస్టారు అడుగుతున్నది కూడా ఇదే.

ఇక కష్టాలు చెప్పుకోవాలంటే, ‘ఏ’ రావడానికి ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసిన వారిలో ఎంత శాతం మంది కళాశాలకో ఉద్యోగానికో సిద్ధంగా ఉండాలన్న గీతను 60 నుంచి 88కి పెంచడంతో, చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (అక్కడ ఒక ప్రాంతంలోని బడులను నడిపే సంస్థలు) కోర్టుకు వెళ్లాయి, 2023 నాటి అక్షరాలు 2025 ఏప్రిల్‌లో గానీ బయటకు రాలేదు. ఒక ఉన్నత పాఠశాల ఏళ్ల తరబడి నిలదొక్కుకోలేదన్న కారణంతో మొదలై, హ్యూస్టన్ డిస్ట్రిక్టు మొత్తాన్ని 2023 జూన్‌లో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. ఎన్నికైన బోర్డు స్థానంలో నియమిత బోర్డు వచ్చింది. ఇప్పుడున్న వార్షిక పరీక్ష స్థానంలో 2027–28 నుంచి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టాలని కూడా నిర్ణయించారు. మన దగ్గర అక్షరం మాత్రమే దిగుమతి అయితే అది బడి గేటు మీద ప్రకటనగా మారుతుందని నా భయం. పురోగతిని కొలిచే తీరు వస్తే సంతోషిస్తాను.

ప్రశ్న: పిల్లల మార్కులను బట్టి టీచర్లకు బోనస్ ఇవ్వాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తోంది. ఇది మన దగ్గర పనిచేస్తుందా?
– ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు), నిజామాబాద్ జిల్లా

జవాబు: ప్రపంచంలో ఈ ప్రశ్నకు దొరికిన ముఖ్యమైన జవాబుల్లో ఒకటి మన గడ్డ మీద నుంచే వచ్చిందన్న సంగతి మనలోనే చాలామందికి తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి, మూడు ప్రాంతాలకు చెందిన ఐదు జిల్లాల్లోని 500 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలతో, ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం నడిపారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు దానికి తోడుగా నిలిచాయి. వాటిలో కొన్ని బడుల్లో, పిల్లల సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆపై ప్రతి ఒక్క శాతానికి 500 రూపాయల చొప్పున టీచరుకు బోనస్ ఇచ్చారు. చూసింది మార్కులను కాదు, పిల్లవాడు మొదట ఉన్నచోటు నుంచి వచ్చిన పెరుగుదలను. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు మిగతావారికంటె గణితంలోనూ భాషలోనూ స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా మెరుగయ్యారు. టీచర్ల హాజరు మారలేదు. హాజరైనప్పుడు చేసే పని మారింది: అదనపు తరగతులు, ఇంటిపని, అభ్యాస పరీక్షలు పెరిగాయి.

అదే పరిశోధనలో నాకు ఇంతకంటె విలువైనదిగా తోచే మరో భాగం ఉంది. మరో వంద బడుల్లో డబ్బు ఏమీ లేకుండా, ఏ పిల్లవాడు ఏ అంశంలో వెనుకబడ్డాడో వివరంగా రాసిన నివేదికలను మాత్రం టీచర్లకు ఇచ్చారు. ఎవరైనా గమనిస్తున్నప్పుడు ఆ టీచర్లు ఎక్కువ చురుకుగా కనిపించారు గానీ, సంవత్సరాంతానికి పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. ఈనాడు మనం రోజూ యాప్‌లలో ఎక్కిస్తున్న వివరాల కుప్పను ఈ వెలుగులో చూడండి. సమాచారం పోగైనంత మాత్రాన అది పాఠం కాదు. దానిని చదివి ఏదైనా చేయడానికి టీచరుకు సమయమూ కారణమూ ఉండాలి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే విద్యేతర పనికీ టీచర్లను వాడరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతున్నది అందుకే.

బోనస్ పెట్టాలా అంటే, నా అభిప్రాయంలో ఇప్పుడే వద్దు. ఆ అధ్యయనంలో పరీక్షలు తయారుచేసినదీ నిర్వహించినదీ బయటివారు. మన దగ్గర అదే టీచరు పరీక్ష పెట్టి, అదే టీచరు దిద్ది, అదే టీచరు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నంత కాలం, ఆ మార్కుల మీద డబ్బు పెట్టడం నిజాయితీగా పనిచేసే వారికే అన్యాయం చేస్తుంది.

ప్రశ్న: 5, 8 తరగతుల్లో తప్పిన పిల్లలను అదే తరగతిలో ఉంచితే చదువు బాగుపడుతుందా?
– వరంగల్

జవాబు: ఉంచినంత మాత్రాన బాగుపడదు. విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ కూడా ఆ మాట అనలేదు. తప్పిన వారికి అదనపు బోధన ఇచ్చి, ఫలితాలు వచ్చిన 2 నెలల్లోగా మళ్లీ పరీక్ష పెట్టాలని, అప్పుడూ తప్పితే ఆపాలా వద్దా అన్నది సంబంధిత ప్రభుత్వం నిర్ణయించుకోవచ్చని అంది. కేంద్రీయ విద్యాలయాల వంటి తన పాఠశాలల విషయంలో కేంద్రం 2024 డిసెంబరులో ఆపే నియమాన్ని తెచ్చింది. అమెరికాలో మిసిసిపి రాష్ట్రం 2013లో చదవడం రాని 3వ తరగతి పిల్లలను ఆపే చట్టం చేసి, తర్వాత 4వ తరగతి పఠనంలో 49వ స్థానం నుంచి 2024 నాటికి 9వ స్థానానికి చేరిన మాట నిజమే. అయితే అక్కడ చదవడం నేర్పే పద్ధతిలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు, వెనుకబడిన బడులకు శిక్షకులను పంపారు, ఏడాదిలో పలుమార్లు పిల్లల పఠనాన్ని పరీక్షించారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి తెలంగాణలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ వంటి కార్యక్రమాలను పూర్తి బలంతో నడపకుండా పిల్లను మాత్రం ఆపితే, బడి చేసిన తప్పుకు శిక్ష పిల్లకు పడుతుంది.

ప్రశ్న: ప్రైవేటు బడులను ఎవరు అడగాలి?
– విజయవాడ

జవాబు: తల్లిదండ్రులు సభ్యులుగా పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలన్న విద్యాహక్కు చట్టం నియమం ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు వర్తించదు. ప్రభుత్వ, ప్రైవేటు బడులను ఒకే కొలమానంతో చూసే స్వతంత్ర ప్రమాణాల సంస్థ ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. బడులను నడిపే శాఖే వాటి మంచిచెడ్డలను తీర్పు చెప్పడం సరికాదన్న ఆ సూచనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ప్రశ్న: నన్ను మా ఊరి బడి యాజమాన్య కమిటీలో సభ్యురాలిగా ఎన్నుకున్నారు. నేను 7వ తరగతి వరకే చదివాను. మొదటి సమావేశానికి పిలుపు వచ్చింది. అక్కడ నేను చేయవలసిన పని ఏమిటి?
– శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ చదువు ఎంతైనా సరే, ఆ కుర్చీ మీదేనమ్మా. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది స్త్రీలు ఉండాలని విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల గురించి సమావేశంలో ఎలాగూ మాట్లాడతారు. అవి అవసరమే. మీరు మాత్రం చదువు గురించి ఒక్క ప్రశ్న తప్పక వేయండి: ‘మన బడిలో 3వ తరగతి పిల్లలు ఎంతమంది, వారిలో తమ తెలుగు వాచకాన్ని చదవగలిగిన వారు ఎంతమంది?’ జవాబు అప్పటికప్పుడు రాకపోతే, వచ్చే సమావేశానికి సిద్ధం చేయమని గౌరవంగా కోరండి. నమ్మకం కుదరకపోతే, పుస్తకం తెరిచి ఇద్దరు పిల్లలచేత మీ ఎదుటే చదివించమనండి.

బడికి కావలసినవాటిని పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో రాసే పని కమిటీదే. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని ఆ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి టీచరు పోస్టు ఖాళీగా ఉంటే ఆ మాట, పిల్లలకు చదవడానికి కథల పుస్తకాలు లేకపోతే ఆ మాట అందులో ఎక్కాలి. సమావేశం ముగిశాక సంతకం కోసం రిజిస్టరు మీ ముందు పెడతారు. ఆ పేజీలో ఏమి రాశారో పైకి చదివి వినిపించమని అడిగి, మీరు వేసిన ప్రశ్న అందులో ఉందని విన్న తర్వాతే సంతకం పెట్టండి.